వెనుక హారన్ కొట్టేవాడికి ఎర్ర ఎల్ కనిపించదా?

"పక్కకు తప్పుకో." బండి నేర్చుకునేవాళ్లకు మన ఊళ్లో అందరూ ఉచితంగా ఇచ్చే సలహా ఇదొక్కటే. వెనుక కారు వచ్చిందా, తప్పుకో. బస్సు హారన్ కొట్టిందా, తప్పుకో. లైట్లు కొట్టాడా, ఇంకాస్త తప్పుకో. ఎక్కడికి తప్పుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఒకసారి రోడ్డు అంచునే చూస్తూ వెళ్లండి. తెల్ల గీత దాటగానే ఇసుక, దాని మీద కంకర. ఏ లైటూ వేయకుండా ఆపిన లారీ. డివైడర్ చుట్టూ తిరిగి రావడానికి బద్ధకించి ఎదురుగా వచ్చే మోపెడ్, దాని మీద గడ్డిమోపు. మామిడి కాలంలో అయితే చెప్పనక్కరలేదు. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి. రాలిన కాయలు చక్రాల కింద నలిగి రోడ్డంతా జిగటగా ఉంటుంది. హైవే దిగి పల్లెదారి పడితే అక్కడ ఉలవకట్టె పరిచి ఉంటుంది, వచ్చేపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. క్లచ్ వదలడం ఇప్పుడిప్పుడే వస్తున్న మనిషిని ఈ అంచు మీదకు తోసి, అదే క్షేమమని చెబుతున్నాం.

మా మేనకోడలికి పూతలపట్టు వైపు ఉద్యోగం వచ్చింది. షిఫ్టు వేళలకూ బస్సు వేళలకూ పొత్తు కుదరదు. అందుకని మోటారుసైకిల్ నేర్చుకుంటోంది. "ఆడపిల్లకు గేర్ల బండి ఎందుకు, స్కూటీ చాలదా" అని అడిగిన బంధువులకు విడిగా ఒక పోస్టు రాయాలి, ఇక్కడ చోటు చాలదు. వెనుక సీటులో నేను కూర్చుంటాను. ఎల్ బోర్డు బండి మీద నేర్పేవాడు తప్ప మరొకరు ఎక్కకూడదని నిబంధన, ఆ నేర్పేవాడికి లైసెన్సు ఉండాలి. ఈ ఏర్పాటు వల్ల నాకు దక్కిన భాగ్యం ఏమిటంటే, వెనుక అంటుకుని వచ్చే బండ్లను తల తిప్పితే చాలు, ముఖాముఖి చూడగలగడం.

మొన్న చంద్రగిరి దాటి పనపాకం వైపు పోతున్నాం. ఉదయం వేళ, రోడ్డు ఖాళీ. మా పిల్ల ఎడమ వరుసలో, ఆ వరుసకు నడిమధ్యన, 50 కిలోమీటర్ల వేగంతో నిలకడగా నడుపుతోంది. కుడివైపు వరుస మొత్తం ఖాళీ. అయినా ఒక తెల్ల కారు వచ్చి మా వెనుకే అతుక్కుంది. ఎంత దగ్గరగా అంటే, బానెట్ మీద పూజ చేసిన పసుపు ఎండి పగుళ్లిచ్చింది కనిపించింది. ముందు సీటులో తల్లి ఒడిలో గుండు చేయించిన పసివాడు, గుండు మీద చందనం ఇంకా ఆరలేదు. సీటు బెల్టు లేదు. కొండ దిగి వస్తున్నారని వేరే చెప్పాలా? డ్రైవర్ ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో స్టీరింగ్ తిప్పుతూనే హారన్ కూడా కొడుతున్నాడు. ఎన్ని చేతులో మహానుభావుడికి.

"మామా, పక్కకు తప్పుకోనా?" అంది మా పిల్ల. గొంతులో వణుకు తెలుస్తోంది, హ్యాండిల్‌లో కూడా.

"వద్దమ్మా. నీ వరుసలో నువ్వు పో. వేగం పెంచకు."

నేను అరచేయి వెనక్కి చాపి దూరం జరగమని సైగ చేశాను. అతను లైట్లు కొట్టాడు. కాసేపటికి ఏమనుకున్నాడో కుడివైపు నుంచి దాటుకుని వెళ్తూ మా ఇద్దరి వంక కోపంగా చూశాడు. ఆ కుడివైపు దారి మొదటి నుంచీ అతనిదే కదా! రోడ్డు వెడల్పు చేసినందుకు కోట్లు పోశారు, ఆ వెడల్పును వాడుకునే ఓపిక మాత్రం మనకు రాలేదు.

వేగం పెంచకు అని ఎందుకన్నానంటే, కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే మొదటి పని అదే. వెనుక హారన్ మోగితే మణికట్టు దానంతటదే తిరుగుతుంది. 50లో అదుపులో ఉన్న బండి 70కి వెళ్తుంది, అక్కడ గేదె అడ్డం వస్తే ఏం చేయాలో ఆ పిల్లకు ఇంకా తెలియదు. పోనీ వేగం పెంచితే వెనుకవాడు దూరం జరుగుతాడా అంటే, అతనూ పెంచుతాడు. సర్వదర్శనం క్యూలో వెనుకవాడు తోసినంత మాత్రాన ముందువాడికి దారి పుడుతుందా? ఇదీ అంతే.

కారు నడిపేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మోటారుసైకిల్ నెమ్మదించడానికి బ్రేకు అక్కర్లేదు. గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే చాలు, ఇంజనే బండిని పట్టి లాగేస్తుంది. బ్రేకు ముట్టుకోలేదు కాబట్టి వెనుక ఎర్రలైటు వెలగదు. నేర్చుకునేవాళ్లు ఈ పని ఇంకా మొరటుగా చేస్తారు. గేరు దించి క్లచ్‌ను ఒక్కసారి వదిలేస్తారు, బండి గుంజుకుని సగం వేగానికి పడిపోతుంది. ఒక్కోసారి ఇంజనే ఆగిపోతుంది. వెనుకవాడు కారుకూ బండికీ మధ్య ఒక మంచం పట్టేంత జాగా కూడా ఉంచకపోతే, అతనికి ఆ సంగతి తెలిసేసరికే తగిలి ఉంటుంది. అందుకే మా పిల్లకు ముందుగా నేర్పింది ఇది. యాక్సిలరేటర్ వదిలే ముందు బ్రేకును వేలితో అలా తాకు, పట్టనక్కరలేదు, లైటు ఒకటి రెండుసార్లు వెలిగితే చాలు.

బ్రేకుల్లో లోపమేమీ లేదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే బండ్లకు 125 సీసీ దాటితే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు), 125 సీసీ వరకు అయితే రెండు బ్రేకులూ కలిసి పట్టే ఏర్పాటైనా తప్పనిసరి. బండి ఆగుతుంది. దాని వెనుకే వస్తున్న కారు ఆగుతుందా అన్నదే నా బెంగ.

లెక్క చూడండి. 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లకు దాదాపు 33 మీటర్లు పోతాం, 80లో అయితే 44. ముందు బండికీ మన బండికీ మధ్య ఎండలో కనీసం ఆ రెండు సెకన్లయినా ఉండాలని ప్రపంచమంతా నేర్పుతారు. మీటర్లు కంటితో కొలవడం ఎవరికీ రాదు. నేను మా పిల్లకు ఇలా చెప్పాను. ముందు బండి కిలోమీటరు రాయిని దాటగానే మనసులో "ఏడుకొండలవాడా వెంకటరమణా" అనుకో, తొందరపడకుండా. అది పూర్తయ్యే లోపు నువ్వూ ఆ రాయిని చేరితే దగ్గరగా ఉన్నట్టు. వాన పడుతుంటే "గోవిందా గోవింద" కూడా కలుపు. తిరుపతి రోడ్ల మీద ఇంతకంటే తేలికైన కొలత నాకు తట్టలేదు. విండ్‌షీల్డ్ మీద పెద్ద అక్షరాలతో గోవింద నామం అంటించుకున్న డ్రైవర్లు దాన్ని ఒక్కసారి నోటితో అనుకున్నా ఈ పోస్టు రాసే అవసరం నాకుండేది కాదు.

వెనుక ఒకడు అంటుకుని వస్తున్నప్పుడు ముందున్న ఖాళీని పెంచుకోవాలి. ఇది వినడానికి తిక్కగా ఉంటుంది. వెనుకవాడు మన చేతిలో లేడు, ముందు జాగా మన చేతిలో ఉంది. ముందు ఎక్కువ చోటు ఉంటే సడన్ బ్రేకు వేసే అవసరం రాదు, మెల్లగా నెమ్మదించవచ్చు, అప్పుడు వెనుకవాడికీ సమయం దొరుకుతుంది. అతనికి మనం చేసే ఉపకారం అది, అతనికి తెలియకపోయినా.

చట్టం ఏమంటుందో కూడా చెబుతాను. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ముందు వాహనం ఒక్కసారిగా నెమ్మదించినా ఆగినా ఢీకొట్టకుండా ఉండేంత దూరం పాటించాల్సింది వెనుకవాడే. అలాగే మనల్ని ఎవరైనా దాటుతున్నప్పుడు మనం వేగం పెంచి అడ్డుపడకూడదు. ఇదీ అంతే ముఖ్యం, ఎల్ బోర్డు ఉన్నంత మాత్రాన రోడ్డు రాసివ్వలేదు. కానీ దగ్గరగా అంటుకుని వచ్చినందుకు చలానా పడిన మనిషిని ఇంతవరకు నేను చూడలేదు. రోడ్డు పక్క కెమెరా వేగాన్ని పట్టుకుంటుంది, దూరం దాని కంటికి ఆనదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లే. ఆ ఏడాది ప్రమాదాల రకాల్లో అన్నిటికంటే ఎక్కువగా నమోదైనది వెనుక నుంచి ఢీకొట్టడం.

విచిత్రమేమిటంటే ఇవే బండ్లు కొండ మీద బుద్ధిగా ఉంటాయి. ఘాట్ రోడ్డులో సమయం వేసిన చీటీ ఇస్తారు, గడువు కంటే ముందే చేరితే జరిమానా. దాంతో అందరూ వంపు వంపుకూ పద్ధతిగా దిగుతారు. చెక్‌పోస్టుకు కాస్త ముందు బండి ఆపి కాలక్షేపం చేసే ఘనులు లేకపోలేదు, వాళ్ల సంగతి వదిలేయండి. అలిపిరి దాటగానే ఆ బుద్ధి ఎక్కడికి పోతుందో! చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఒక్క రోజులో దర్శనం చేయించి తీసుకెళ్లాలని ఒప్పుకున్న ట్యాక్సీ డ్రైవర్‌కు 300 రూపాయల దర్శనం టికెట్టు మీద వేసిన గంటే దేవుడు. రాత్రంతా నడిపి వచ్చి ఉంటాడు, మధ్యాహ్నానికి మళ్లీ నడపాలి. అతని మీద నాకు జాలి ఉంది. ఆ వేళలు కుదిర్చిన యజమాని మీద లేదు. మన ఊరి కార్లు తక్కువ తిన్నాయని కూడా అనను, దర్శనం టికెట్టు లేకుండానే అదే తొందరలో ఉంటాయి.

ఇక లైసెన్సు పరీక్ష. లెర్నర్ లైసెన్సు చేతికొచ్చాక 30 రోజులు ఆగాలి, అది ఆరు నెలలు చెల్లుతుంది. ఆ తర్వాత మైదానంలో కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పి చూపించాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ నిబంధన చదివితే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. ఇతర వాహనాన్ని దాటడం ఒక్కటే కాదు, వెనుకవాడు మనల్ని దాటేలా వీలివ్వడం కూడా పరీక్షించాలని అందులో ఉంది. కాగితం మీద అంత చక్కగా రాసుకున్నాం. మైదానంలో మాత్రం వెనుక ఎవరూ ఉండరు, హారన్ ఉండదు, అద్దం వైపు చూశారా అని అడిగేవాళ్లూ ఉండరు. ఎనిమిది గీసినవాడు మరునాడు హైవే ఎక్కుతాడు.

అద్దాలంటే గుర్తొచ్చింది. కొత్త బండి కొన్న వారానికే అద్దాలు విప్పించేసే కుర్రాళ్లు ఉన్నారు, అందం చెడుతుందట. వెనుక ఎవరున్నారో తెలియనివాడికి ఇంతవరకు నేను రాసిందంతా వృథా. ఉంచుకున్నవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. బండి అద్దం కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, అందులో వస్తువు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. అద్దంలో దగ్గరగా కనిపిస్తున్నాడంటే నిజానికి మీద పడ్డట్టే.

నెమ్మదిగా పోయేవాళ్ల వల్ల అందరికీ ఇబ్బంది కదా అనే మిత్రులకు: నిజమే. గేరు మార్చడానికి కిందికి చూసుకునే దశలో హైవే ఎక్కించకూడదు. మేమూ తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల వీధుల్లో చాలాకాలం తిరిగాకే బయటికి వచ్చాం. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి వరుసే ఉన్న రోడ్డు మీద వెనుక నాలుగు బండ్లు పోగైతే ఆగి దారి ఇవ్వాలి. భాకరాపేట ఘాట్ లాంటి చోట అయితే నేర్చుకునేవాళ్లు అసలు వెళ్లకూడదనే నా మాట. కానీ ఎక్కడ ఆగాలన్నది బండి నడిపేవాళ్లు తేల్చుకోవాలి, వెనుక మోగే హారన్ కాదు. మేం ముందే చూసి పెట్టుకుంటాం. పెట్రోలు బంకు, టీ కొట్టు ముందు గట్టి నేల, బస్సు ఆగే చోటు. ఇండికేటర్ వేసి, లైటు వెలిగించి, రెండు చక్రాలూ నిటారుగా ఉండగానే వేగం తగ్గించి, అప్పుడు దిగడం. ఇసుకలోకి వంగి దిగితే ముందు చక్రం జారుతుంది. వెనుకవాడు ఆ లోపు ఎంత గోల చేసినా అది అతని గొంతు, అతని బ్యాటరీ.

మా పిల్ల స్నేహితులు ఇంకో సలహా ఇచ్చారు. ఎల్ స్టిక్కర్ పీకేయమని, అది చూస్తేనే ఎక్కువ ఏడిపిస్తారని. తెల్లటి పలక మీద ఎర్రటి అక్షరం, 18 సెంటీమీటర్ల చదరం, ముందూ వెనుకా ఉండాలని నిబంధన పెట్టింది చూసినవాళ్లు కాస్త ఎడం ఉంచుతారని. అది చూసి ఆటపట్టించాలనిపించే మనుషులకు భయపడి మేం దాన్ని దాచుకోవాలా? పీకలేదు. వానకు అంచులు లేచిపోతే కొత్తది కొని అంటించాం, ఈసారి నంబర్ ప్లేటు పక్కన, ఇంకాస్త స్పష్టంగా.

పరీక్ష దగ్గరికి వచ్చింది. ఎనిమిది ఆమెకు ఎప్పుడో వచ్చేసింది. పరీక్ష రోజు దాకా తెల్లవారుజామున పాకాల క్రాస్ వరకూ వెళ్లి వస్తాం, ఎడమ వరుసలో, నడిమధ్యన, 50లో. ఆ వేళకు ఆ దారిన కారులో వచ్చేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కుడివైపు వరుస ఖాళీగానే ఉంటుంది, దాటుకుని వెళ్లండి.