శ్రీయుత ఫారం 5500-ఈజీ గారికి

అయ్యా,

పేరులోనే ‘ఈజీ’ తగిలించుకున్నారు. అమెరికాలో ఒంటరిగా వ్యాపారం చేసుకుంటూ సోలో 401(కె) అనే రిటైర్మెంటు పొదుపు ప్లాన్ పెట్టుకున్నవాళ్లం, ఆ ప్లాన్ లెక్క పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు చెప్పే కాగితం మీరు, కాదనలేం. పన్ను కట్టమనరు, లాభమెంతొచ్చిందని కూడా అడగరు. ఏడాది మొదట్లో ఎంత ఉంది, చివర ఎంత ఉంది, యజమానిగా ఎంత వేశాడు, ఉద్యోగిగా ఎంత వేశాడు, ఇంతే. ఆ యజమానీ ఆ ఉద్యోగీ ఒకే మనిషని మీకూ తెలుసు. అయినా 5వ లైనులో సభ్యులెందరని అడుగుతారు. ఒకరు. ఏడాది చివరికి? ఒకరే. ప్లాన్ సొమ్ముపై పూర్తి హక్కు రాకుండా ఉద్యోగం మానేసినవారెందరు? ఎల్‌ఎల్‌సీ అనే ఈ బుల్లి కంపెనీలో ఉన్నదే ఒక్కడండీ, వాడూ మానేస్తే ఈ గడి నింపేదెవరు?

పేచీ అంతా మీ నోరు పెగలకపోవడంతోనే. జీతం లెక్క చెప్పే డబ్ల్యూ-2 కంపెనీ పంపుతుంది, వడ్డీ లెక్క చెప్పే 1099 బ్యాంకు పంపుతుంది. మీ పేరంటానికి మాత్రం పిలుపుండదు, వెళ్లకపోతే తగువుంటుంది. సొంత పన్ను రిటర్ను 1040తో కలిసి నడిచే రకం కాదు కనుక ఏప్రిల్‌లో లెక్కలు చూసే సీపీఏ కంటా పడరు. మీ గడువు జూలై 31. డాలస్ కన్సల్టెంటు పిల్లల సెలవులకు హైదరాబాద్ వచ్చి, తిరుగు ప్రయాణానికి ఆవకాయ సీసాలు తూకం వేసుకునే వేళ. ఆలోగా గడువు పొడిగించే ఫారం 5558 పంపితే అక్టోబర్ 15 దాకా ఊపిరి.

ఏడాది చివరికి సొమ్ము 2,50,000 డాలర్లు దాటకపోతే మీ జోలి అక్కర్లేదు. 2006 పెన్షన్ చట్టంతో 1,00,000 నుంచి పెరిగిన ఆ గీత మళ్లీ కదల్లేదు. మార్కెట్ ఊరుకుంటుందా? ఒక్క డాలరూ వేయని ఏడాదైనా ఇండెక్స్ ఫండే గీత దాటిస్తుంది.

దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడ: మామూలు ఖాతాలో 1,62,000, పన్ను ముందే కట్టి వేసుకునే రాత్ ఖాతాలో 91,000. రెండు స్టేట్‌మెంట్లు, రెంటిలోనూ గీత ఆమడ దూరం. కానీ ప్లాన్ ఒకటే, కూడితే 2,53,000. కూడిక తప్పినందుకు రోజుకు 250 డాలర్లు, గరిష్ఠంగా 1,50,000. అంటే 600 రోజులు మీటర్ తిరుగుతుంది. 2019 సెక్యూర్ చట్టానికి ముందు ఇది రోజుకు 25 మాత్రమే. పైసా పన్ను బాకీ లేనివాడి మీద ఈ ప్రతాపమెందుకో!

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినా, ఓ దొడ్డిదారి వదిలారు, అందుకు థాంక్స్. జరిమానా నోటీసు గడప తొక్కకముందే, ఆలస్యమైన రిటర్నుకు ఫారం 14704 జతచేసి, కాగితం మీదే పంపుకుంటే రిటర్నుకు 500, ప్లాన్‌కు మొత్తం 1,500తో సరి. నోటీసు చేతిలో పడ్డాక ఆ తలుపు మూసేస్తారు.

ఇక మీ అసలు టక్కరితనం ముగింపులో. సొమ్మంతా ఐఆర్‌ఏ అనే సొంత రిటైర్మెంటు ఖాతాకి మార్చి ప్లాన్ మూసేశాడనుకోండి, ఖాతాలో సున్నా. జన్మలో గీత దాటకపోయినా సరే, ‘ఫైనల్ రిటర్న్’ గడి టిక్ పెట్టి పంపాల్సిందే. అదీ జూలైలో కాదు. ఆఖరి డాలరు మార్చి 10న బయటికి వెళ్తే ప్లాన్ ఏడాది ఆరోజే ముగుస్తుంది, గడువు అక్టోబర్ 31. చచ్చినవాడు తన చావు తానే రిజిస్టర్ చేయించుకోవాలన్నమాట.

ప్లాన్ నంబరు 001 అని, యజమాని గుర్తింపు నంబరు (ఈఐఎన్) గడిలో సోషల్ సెక్యూరిటీ నంబరు వేయకూడదని, ప్లాన్ రకం చెప్పే కోడ్‌ల చోట 2ఈ, 2జే, ముందే ఆమోదం పొందిన ప్లానైతే 3డి వేయాలని ఇప్పటికి కంఠస్థం చేశాం. ఆన్‌లైన్‌లో ఈఫాస్ట్2 ద్వారా పంపితే అందినట్టు రసీదైనా ఉంటుంది. ఆగ్డెన్‌లోని ఐఆర్‌ఎస్ ఆఫీసుకు పోస్టు చేస్తే సర్టిఫైడ్ మెయిల్ చీటీ దాచుకుంటున్నాం.

ఇట్లు,
యజమాని, ఉద్యోగి, ట్రస్టీ, ప్లాన్ అడ్మినిస్ట్రేటర్
(నాలుగు హోదాలకూ సంతకం ఒకటే)