ఆ కేబుల్ మెసేజ్‌లో ఏడో పాయింటు

పెద్దమ్మ కొడుకు ఓ మెసేజ్ పంపాడు. కాలేజీ గ్రూపులో వచ్చింది. కొబ్బరి రైతుల గ్రూపులో వచ్చింది. చివరికి హైదరాబాదులో స్థిరపడి, సంక్రాంతికి కూడా ఊరి మొహం చూడని బావగారు సైతం ‘గోదారోళ్ళంటే ఏమనుకున్నారు’ అని పైన ఓ ముక్క తగిలించి మరీ పంపారు. మా కోనసీమలో ఓ చిన్న కేబుల్, బ్రాడ్‌బ్యాండ్ సంస్థ ఎలా పుట్టి పెరిగిందో తొమ్మిది పాయింట్లలో చెప్పే మెసేజ్ అది. సంస్థ పేరు ఎందుకులెండి. ఇది వాళ్ళు రాసినట్టు లేదు, అభిమానుల పనే. వాళ్ళ లైన్‌మన్ ఎవరైనా చదివితే ఏడో పాయింటు దగ్గర తల పట్టుకుంటాడు.

మొదటిది, ఆసియాలోనే తొలి కేబుల్ మనదేనట. పోనివ్వండి. ప్రతి ఊళ్ళోనూ ఆసియాలో మొదటిది ఏదో ఒకటి ఉంటుంది.

రెండోది, 1990లోనే ఈటీవీ, జెమిని చూపించారట. ఎలా చూపిస్తారండీ? ఆ రెండూ పుట్టిందే 1995లో. స్టార్ వచ్చింది 1991లో, జీ 1992లో. 1990లో కేబుల్ అంటే కంట్రోల్ రూమ్‌లో ఒక వీసీఆర్, రాత్రి దూరదర్శన్ అయ్యాక వేసే సినిమా క్యాసెట్. టేపు నలిగితే వీధి వీధంతా ఒకేసారి గీతలు. వీసీఆర్ హెడ్ తుడవమని పక్కింటి తాతగారు అరుగు మీంచి కేకేసేవారు. ఉన్నదున్నట్టు ఇది రాసినా బాగుండేది కదా!

మూడోది, 1994లో బ్రాడ్‌బ్యాండ్. ఈ దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ మొదలైంది 1995 ఆగస్టు 15న. అదీ ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ వాళ్ళది, మహానగరాల్లో, ఫోన్ లైను మీద కీచుమంటూ కలిసే డయలప్. ప్రైవేటు సంస్థలకు ఆ వ్యాపారంలోకి దారి తెరిచింది 1998లో. మరి 1994లో అమలాపురంలో ఏం డౌన్‌లోడ్ చేశారో రాసినవాళ్ళే చెప్పాలి.

నాలుగు, ఢిల్లీ నుంచి ‘ప్రత్యేక లైసెన్సు’ తెచ్చుకున్నారట. 1995 కేబుల్ చట్టం కింద 2025 దాకా ఆపరేటర్లు రిజిస్టర్ చేసుకున్నది హెడ్ పోస్టాఫీసులో. ఫారం నింపి, ఫీజు కట్టి, ఏడాదికోసారి రెన్యువల్ చేయించుకునేవారు. ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, ఆటో సరిపోయేది.

అయిదు, ఆరు ఓనరుగారి గుణగణాల వర్ణన. సంతోషం.

ఇప్పుడు ఏడోది. ఇది మాత్రం నవ్వి వదిలేసేది కాదు. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: ‘కేబుల్ వైరులో కరెంటు ఉండదు. ఆ రోజుల్లో వైరు తెగితే మన కుర్రాళ్ళు ఉత్త చేతుల్తో కట్టేసేవారు. ఇప్పుడు ఫైబర్ కాబట్టి అసలు భయమే లేదు. గాలివానకు తెగి పడితే ఫోన్ చేసి ఎదురుచూడకుండా మీరే పక్కకు లాగి, చెక్కి, టేపు చుట్టుకోండి.’

దీనికి కింద రెండు దండాల బొమ్మలు.

టీవీ దాకా వచ్చే వైరులో మామూలుగా ఉండేది సిగ్నలే, ఒప్పుకుంటాను. కానీ స్తంభాల మీద పోయే పాత మెయిన్ లైన్ సంగతి వేరు. చాలా చోట్ల సిగ్నల్ బలం పెంచే బూస్టర్లకు కరెంటు అదే తీగలోంచి పంపేవారు, 60 వోల్టుల దాకా. అసలు ప్రమాదం అది కూడా కాదు. మా వైపు కేబుల్ వైర్లు పాకేది ఎక్కడ? కరెంటు స్తంభాల మీద, వాటి పక్కనే ఉన్న కొబ్బరి చెట్ల మీద. కో-యాక్సియల్ వైరుకు, అంటే ఆ పాత రకం కేబుల్ వైరుకు, ఆధారంగా జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనప తీగ) ఉంటుంది. వైరు లోపల అల్యూమినియం అల్లిక ఉంటుంది. గాలికి ఓ కొబ్బరి మట్ట విరిగి కరెంటు తీగ మీద పడి, అది తెగి ఈ జీఐ తీగకు తగిలితే, అక్కడి నుంచి ఆ తీగ పొడవునా కరెంటే. తెగింది వినాయకుడి గుడి దగ్గరైతే మీరు పట్టుకునేది కాలవ గట్టు దగ్గర. కింద తడి నేల, కాళ్ళకు చెప్పుల్లేవు. ‘కేబుల్ వైరేగా’ అని చెయ్యేస్తారు.

‘ఫైబర్ గాజు కదా, గాజులో కరెంటు పారదు కదా’ అని మా బావగారి వాదన. గాజులో పారదు. ఇంటికి లాగే సన్నటి నల్ల వైరులో ఏముంటుందో చెబుతాను. మధ్యలో వెంట్రుకంత గాజు పోగు, చాలా వాటిలో దానికి అటూ ఇటూ బలానికి రెండు ఉక్కు తీగలు ఉంటాయి. స్తంభం నుంచి వేలాడదీసే రకానికి పైన ఇంకో లావుపాటి ఉక్కు తీగ అదనం. కరెంటుకు ఆ ఉక్కు చాలు. లోహం అసలే లేని ఫైబర్ కూడా ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ పథకం వాళ్ళు కరెంటు స్తంభాల మీద లాగింది ఆ రకమే, ఏడీఎస్ఎస్ అంటారు. దానిలో కరెంటు పారే లోహం లేదన్నంత వరకు మెసేజ్ కరెక్టే. అయితే వర్షంలో, చీకట్లో, ఒకే స్తంభానికి చుట్టలు చుట్టలుగా వేలాడే నల్ల వైర్లలో ఏది ఏదో మీరెలా చెబుతారు?

ఇక టేపు చుట్టడం. గాజు పోగును మెలేసి టేపు చుడితే కలవడానికి అది మోటారు వైరు కాదు మహానుభావా! స్ప్లైసింగ్ మెషిన్‌లో పెట్టి, చివరలు కరిగించి అతకాలి. చెక్కేటప్పుడు విరిగిన ముక్క వేలిలో దిగితే కంటికి కనపడదు, బయటికి రాదు. లోపల వెలుగుతోందో లేదో చూద్దామని కొస కంటి దగ్గర పెట్టుకునే తెలివైనవాళ్ళకు ఇంకో మాట: అందులో వచ్చే లేజర్ కాంతి కంటికి ఆనదు, కంటిని మాత్రం పాడు చెయ్యగలదు.

వైరు కింద పడి ఉంటే దూరంగా ఉండండి, పిల్లల్నీ గేదెల్నీ అటు పోనివ్వకండి, కరెంటు వాళ్ళ నంబరు 1912కి ఫోన్ చెయ్యండి. కొబ్బరికాయలు దింపే గెడతో ఎత్తి పక్కన పడేద్దామనుకోకండి, తడి వెదురులోంచీ కరెంటు వస్తుంది. సీరియల్ ఒక రోజు పోతే పోయింది.

ఎనిమిది, 1996 తుపానులో కూడా ప్రసారం ఒక్క పూట ఆగలేదట. నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాడెవడూ ఈ మాట రాయడు. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలకు తోటలే పడుకున్నాయి, కరెంటు స్తంభాలు వంకర్లు తిరిగాయి. ప్రసారం ఆగలేదంటే ఎవరి టీవీలో, ఏ కరెంటుతో? పుణ్యం ఉంటుంది, శవాల మీద గొప్పలు చెప్పుకోకండి.

తొమ్మిదోదానిలో రెండు ముక్కలున్నాయి. ఫైబర్‌నెట్ వచ్చి మన కేబుల్‌ను చంపేసిందన్నది ఒకటి. 2016 డిసెంబరులో మా సఖినేటిపల్లి మండలం మోరిలో మొదలుపెట్టి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేత రాష్ట్రమంతటికీ ప్రారంభం చేయించిన ఆ పథకంలో, నెలకు 149 రూపాయల కనెక్షన్ ఇంటికి లాగింది ఎవరనుకున్నారు? ఈ లోకల్ కేబుల్ ఆపరేటర్లే. వాళ్ళ నడ్డి విరిచినవి వేరు. పల్లెల్లో 2017 మార్చి 31కల్లా సెట్‌టాప్ బాక్సులు పెట్టాలన్నారు. 2019 ఫిబ్రవరి నుంచి 100 ఛానళ్ళకు 130 రూపాయలు, జీఎస్టీతో 153.40, పే ఛానళ్ళకు పైన వేరే అన్నారు. ఈ లోగా జియో వచ్చి టీవీని జేబులో పెట్టింది.

రెండో ముక్క, డబ్బుల్లేవంటే కనెక్షన్ పీకేవారు కాదట, కోతలయ్యాక ఇమ్మనేవారట. ఇది నిజం, నేనే సాక్షిని. మా ఇంటి బాకీ పుస్తకంలో రెండు పంటల దాకా ఉండిపోయింది. వసూలు కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడి, ‘ఆయ్, ధాన్యం అమ్మాక చూద్దాంలెండి’ అని పేజీ తిప్పేసేవాడు. ఇంత మంచి సంగతిని అట్టడుగున, తప్పుడు మాట పక్కన పడేశారు.

మెసేజ్ ఇంకా పంపాలనుంటే పంపుకోండి, ఆసియాలో మొదటిది అని కూడా ఉంచుకోండి. ఏడోది మాత్రం తీసేసి పంపండి. బావగారూ, మీరు ముందు.