ప్రెస్‌నోట్ తెలుగులోనే పుట్టాలి

వరంగల్, హనుమకొండ కాలేజీల పిల్లలు కొందరు పబ్లిక్ రిలేషన్స్ ఏజెన్సీల్లో ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్ వెళ్తుంటారు. అక్కడ ఉండే రెండు నెలల్లో ఎక్కువ భాగం మూడు పనులకే పోతుంది. పొద్దున్నే ఈ-పేపర్లు తిరగేసి ఏజెన్సీకి పని అప్పగించినవాళ్ళ వార్తల క్లిప్పింగులు తీయడం, ఎక్సెల్ షీటు నింపడం, ఇంగ్లిష్ ప్రెస్‌నోటును తెలుగు చేయడం. మొదటి రెండూ అవసరమైన పనులే. మూడోది మాత్రం వాళ్ళ చేతిని పాడుచేస్తోంది. ఊళ్ళో సేవా కార్యక్రమం పెట్టినప్పుడల్లా ఏజెన్సీకి ఆ పని అప్పగించేవాళ్ళలో మన సేవా సంఘాలూ ఉన్నాయి కాబట్టి ఈ మాట మన పత్రికలోనే చెప్పుకోవాలి.

ఒక ఊరి హైస్కూలుకు మన సంఘం 40 బెంచీలు ఇచ్చిందనుకుందాం. ఇంగ్లిష్ నుంచి దిగిన నోట్ ఇలా ఉంటుంది: ‘సమాజానికి తిరిగి ఇవ్వాలనే తన నిబద్ధతలో భాగంగా సంఘం ఒక ప్రతిష్ఠాత్మక కార్యక్రమాన్ని ప్రారంభించినట్లు ప్రకటించడానికి సంతోషిస్తోంది.’ పేపరు డెస్కులో వార్తలు దిద్దే సబ్ఎడిటర్ ముందు ఒక్క పూటలో పదుల కొద్దీ నోట్లు పడతాయి. ఇందులో ఊరి పేరు లేదు, బెంచీ లేదు, పిల్లవాడు లేడు. పక్కన పడేస్తాడు. అదే నోట్ ‘ఇన్నాళ్ళూ నేల మీద కూర్చుని పాఠాలు విన్న తొమ్మిదో తరగతి పిల్లలకు సోమవారం బెంచీలు వచ్చాయి’ అని మొదలైతే కనీసం సింగిల్ కాలమ్ ఐటమ్ అవుతుంది. ఈ వాక్యం అనువాదంలో రాదు. స్కూలుకు వెళ్ళి, హెడ్మాస్టర్‌తో మాట్లాడి, లెక్క రాసుకుని వచ్చిన మనిషికే వస్తుంది. వరంగల్ పిల్లలకు ఆ ఊళ్ళు తెలుసు, ఆ యాస తెలుసు. ఏజెన్సీలో వాళ్ళ బలం అదే.

జిల్లా పేరు దగ్గరే చాలా నోట్లు దారి తప్పుతాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. కాకతీయ యూనివర్సిటీ ఉన్నది హనుమకొండ జిల్లాలో, కోట ఉన్నది వరంగల్ జిల్లాలో. అదే ఏడాది జూలైలో యునెస్కో వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప గుడి ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. దూరం నుంచి చూసేవాళ్ళకు అంతా వరంగలే. పేపరుకు మాత్రం జిల్లాను బట్టి విలేకరి మారతాడు, పేజీ మారుతుంది. అందుకే నోట్ పైభాగంలో ఊరు, మండలం, జిల్లా మూడూ రాయాలి.

నోట్ 150 నుంచి 200 పదాలు దాటకూడదు. మధ్యాహ్నం కార్యక్రమమైతే సాయంత్రం 4 గంటల్లోపు విలేకరికి చేరాలి, ఎందుకంటే జిల్లా పేజీలు ముందే కట్టేస్తారు. పీడీఎఫ్ పంపితే అందులోంచి అక్షరాలు సరిగ్గా కాపీ కావు, ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. యూనికోడ్ టెక్స్ట్‌గానే పంపాలి. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి, అచ్చులో మసకబారుతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి. ఫొటోలో ఎవరెవరున్నారో ఎడమ నుంచి వరుసగా, ఇంటిపేర్లతో సహా రాయాలి. దాత పేరు తప్పు పడితే సంఘంలో ఎంత నొచ్చుకుంటారో మనకు తెలియనిది కాదు. మెయిల్ పంపేటప్పుడు అడ్రసులన్నీ బీసీసీలో పెట్టాలి, లేకపోతే విలేకరుల జాబితా మొత్తం అందరికీ కనిపిస్తుంది. పంపాక ఒక్కసారి ఫోన్ చేసి ‘నోట్ అందిందా అన్నా, ఇంకేమైనా వివరాలు కావాలా’ అని అడగాలి. ‘ఎప్పుడు వేస్తారు’ అని అడిగితే ఆ తర్వాత ఆ నంబరు ఎత్తరు.

క్లిప్పింగుల పనిని కూడా తేలిగ్గా చూడొద్దు. హైదరాబాద్ ఎడిషన్ ఒక్కటే చూస్తే వరంగల్ జిల్లా పేజీల్లో వచ్చిన వార్త కనపడదు, కవరేజీ రాలేదని పని అప్పగించిన క్లయింటుకు తప్పు నివేదిక పోతుంది. షీటులో తేదీ, పేపరు, ఎడిషన్, పేజీ, శీర్షిక, ఎన్ని కాలమ్‌లు, ఎన్ని సెంటీమీటర్లు అన్నీ ఉండాలి. అయితే ఆ సెంటీమీటర్లను ప్రకటన రేటుతో హెచ్చవేసి ‘ఇన్ని లక్షల విలువైన ప్రచారం’ అని చూపించే లెక్కను పిల్లలకు నేర్పకూడదు. ఆ లెక్క ప్రచారం విలువను చెప్పదని ఈ వృత్తి వాళ్ళే 2010లో, ప్రచార ఫలితాన్ని ఎలా కొలవాలో చెప్పే బార్సిలోనా సూత్రాల్లో తేల్చారు. దానికి బదులు, అచ్చయిన వార్త చదివి ఇంకో ఊరి హెడ్మాస్టర్ ఫోన్ చేశాడా, ఇంకో దాత ముందుకొచ్చాడా అన్నది రాసుకోవాలి.

విలేకరులకిచ్చే ప్రెస్‌మీట్ కిట్‌లో డబ్బు కవరు పెట్టమని ఇంటర్న్‌కు చెప్పే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల చేత ఆ పని చేయించడం ఘోరం. చేయనని చెప్పగలిగే ధైర్యం ఆ అమ్మాయికి రావాలంటే ముందు క్లయింటు, అంటే మనం, కవర్లు వద్దని రాతపూర్వకంగా చెప్పాలి.

ఇక డబ్బు సంగతి. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు, రోజూ తిరిగే దూరం కాదు. హాస్టల్, తిండి, బస్సు ఖర్చు ఇంటి నుంచి తెచ్చుకోగల పిల్లలకే జీతం లేని ఇంటర్న్‌షిప్ దక్కుతోంది. రైతు బిడ్డలు, కూలీల బిడ్డలు గేటు బయటే ఆగిపోతున్నారు. కాబట్టి మన సంఘాలు ఏజెన్సీకి పని ఇచ్చే కాగితంలోనే నాలుగు మాటలు చేర్చాలి: జిల్లా కార్యక్రమాల నోట్లు ముందు తెలుగులో రాయాలి, మనకు కావలసిన ఇంగ్లిష్ ప్రతి దాని నుంచే తయారు కావాలి. ఆ పనిలో స్థానిక విద్యార్థి ఒకరు ఉండాలి. ఆ విద్యార్థి స్టైపెండ్ మన బిల్లులోనే విడిగా కనపడాలి. నోట్ రాసే ముందు కార్యక్రమం జరిగే ఊరికి ఒక్కసారైనా వెళ్ళి రావాలి, ఆ దారి ఖర్చులు కూడా మనవే.