ఉభయకుశలోపరి: బెల్ కర్వ్ గారికి ఒక పాత విద్యార్థి విన్నపం

మహారాజశ్రీ బెల్ కర్వ్ గారి దివ్యసముఖమునకు,

2007లో ఎంబీఏ పట్టా పుచ్చుకున్న ఒక పాత విద్యార్థి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మా తాతగారు ప్రతి ఉత్తరం మొదట్లోనూ అలవాటుగా రాసే ఈ మాట ఇంకెవరికి సరిపోయినా సరిపోకపోయినా, మీకు మాత్రం అతికినట్టు సరిపోతుంది. మీరంటే, ఎక్కువమంది సగటు దగ్గర, కొద్దిమంది అటూ ఇటూ చివర్లలో ఉంటారని చూపే గంట ఆకారపు గీత. కుడి పక్క ఎంత క్షేమమో ఎడమ పక్కా అంతే క్షేమంగా, నడుమ నిండైన పొట్టతో, రెండు వైపులా తోకలు చాపుకుని చెక్కుచెదరకుండా ఉన్నది ఈ లోకంలో మీరొక్కరే. మీ ఎడమ తోక పట్టుకుని రెండేళ్లు వేలాడిన మా క్షేమసమాచారం మీరెన్నడూ అడగలేదు గనుక నా అంతట నేనే రాసుకుంటున్నాను.

ఇన్నాళ్లకు ఉత్తరం రాయడానికి కారణాలు రెండు. కిందటి నెలలో మా బ్యాచ్ వాళ్లం పదకొండుగురం హైదరాబాదులో కలిసి రాత్రి రెండింటి దాకా మాట్లాడుకున్నాం. మాకు పాఠాలు చెప్పిన ఆచార్యుల పేర్లు సగం మందికి గుర్తుకు రాలేదు గానీ, ఎవరికి ఏ సబ్జెక్టులో ఏ గ్రేడు వచ్చిందో మాత్రం ఒక్కరూ మరచిపోలేదని ఆ రాత్రి తేలింది. రెండో కారణం ప్రస్తుతం నా ఎదుట కంప్యూటర్ తెర మీద తెరిచి ఉంది. దాని సంగతి తర్వాత మనవి చేసుకుంటాను.

మీ పుట్టుపూర్వోత్తరాలు మాకు బాగానే చెప్పారు. ఇంటర్ రెండో ఏడాది లెక్కల్లో ఎవరి సిద్ధాంతాన్ని బట్టీపట్టామో, ఆ డిమోయర్‌గారే లండన్ కాఫీ హోటల్లో కూర్చుని జూదరులకు లెక్కలు చెప్పి పొట్టపోసుకుంటూ, నాణేన్ని చాలాసార్లు ఎగరేస్తే బొమ్మలెన్ని పడతాయో తేల్చబోయి 1733లో మిమ్మల్ని కాగితం మీద పెట్టాడు. 1809లో గౌస్ మహాశయుడు ఆకాశంలో గ్రహాల దారి లెక్కగడుతూ, కొలిచేటప్పుడు దొర్లే తప్పులు ఎలా పరుచుకుంటాయో చెప్పడానికి మిమ్మల్ని వాడుకున్నాడు. అంటే మీ ఉద్యోగం మొదట పొరపాట్లను సర్దడమే తప్ప మనుషులను సర్దడం కాదు. ఆ తర్వాత బెల్జియం ఖగోళవేత్త కెట్లే 1835లో 'సగటు మనిషి' అనే ఒకణ్ణి సృష్టించి, టెలిస్కోపు తప్పులను కొలిచే బద్దతోనే మనుషులనూ కొలవవచ్చునన్నాడు. అంతటితో సగటుకు దూరంగా ఉన్నవాడు ప్రకృతి చేసిన పొరపాటు అయ్యాడు, ఏకై వచ్చిన మీరు మేకై కూర్చున్నారు. యూరో వచ్చేదాకా జర్మనీ వారి పది మార్కుల నోటు మీద గౌస్ పక్కన మీ బొమ్మ కూడా ఉండేదని మా స్టాటిస్టిక్స్ ఆచార్యులు గర్వంగా చెప్పేవారు. మార్కుల మీద మీ పెత్తనానికి అంతకన్నా సాక్ష్యమేం కావాలి?

వ్యాపార విద్యలోకి మీరు వచ్చిన దారి కూడా తెలిసిందే. అమెరికాలో బిజినెస్ స్కూలంటే పద్దులు రాయడం నేర్పే చోటన్న చిన్నచూపు ఉన్న రోజుల్లో, 1949లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ టెక్ వారు గణితం, ఆర్థికశాస్త్రం పునాదులుగా ఒక మేనేజ్‌మెంట్ విద్యాలయం పెట్టారు. 1959లో ఫోర్డ్ ఫౌండేషన్ కోసం గోర్డన్, హోవెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రాసిన నివేదిక తక్కిన బడులన్నిటికీ తలంటింది. రెండేళ్లు తిరిగేసరికి, 1961లో, అదే ఫౌండేషన్ చేయూతతో కలకత్తాలో, అహ్మదాబాదులో ఐఐఎంలు వెలిశాయి. మొదటిదానికి ఎంఐటీ, రెండోదానికి హార్వర్డ్ పెద్దదిక్కు. మా బడి వాటి తర్వాత చాలా కాలానికి పుట్టింది. దాని పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే నా బయోడేటాలో ఆ పేరే ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది. లెక్కలంటే ప్రాణం పెట్టే బడి అని మాత్రం చెప్పగలను. సబ్బు ఎందుకు అమ్ముడుపోతుందో చెప్పడానికి రిగ్రెషన్, సరుకు లారీ ఏ దారిన పోవాలో చెప్పడానికి లీనియర్ ప్రోగ్రామింగ్, పనివాళ్లు ఎందుకు అలుగుతారో చెప్పడానికి మళ్లీ రిగ్రెషన్.

అక్కడ మాకు జరిగిన మర్యాద మీకు గుర్తు చేస్తాను. లక్షకు పైగా జనం మేనేజ్‌మెంట్ బడుల ప్రవేశపరీక్ష క్యాట్ రాస్తే, మీ కుడి తోక చివర ఒక ముక్క కోసి, ఆ ముక్కలోని అరవై మందిని తెచ్చి మా సెక్షనులో కూర్చోబెట్టారు. తోక నుంచి కోసిన ముక్క తోకముక్కే గానీ గంట కాదని స్టాటిస్టిక్స్ పాఠంలో మొదటి నెలలోనే చెప్పారు. ఆ పాఠం చెప్పిన గదిలోనే, ఆ పాఠానికి పెట్టిన పరీక్షలోనే, ఆ ముక్కకు మళ్లీ ఒక పొట్ట, ఒక ఎడమ తోక అతికించి గ్రేడులిచ్చారు. ఎంత బాగా రాసినా ఆరుగురికి డీ రావాలన్నది నియమం. మేం అడగలేదనుకునేరు. నియమాలున్నది నమ్మడానికి కాదు, పాటించడానికి అన్నారు.

ఆపరేషన్స్ రీసెర్చ్ పరీక్షలో నూటికి సెక్షను సగటు పంతొమ్మిది. శ్రీకాకుళం మిత్రుడికి ముప్పై ఒకటి వచ్చి, 'ఏ' గ్రేడు దక్కింది. ఇంటికి ఫోన్ చేసి చెబితే, బడిపంతులుగా రిటైరైన వాళ్ల నాన్నగారు కాసేపు ఆలోచించి, "ముప్పై అయిదు దాటకుండా పాసెలా అయ్యావురా, ఎవరికైనా డబ్బులిచ్చావా?" అని అడిగారట. అదే టర్మ్‌లో అకౌంట్స్‌లో నాకు డెబ్బై ఒకటి వస్తే సీ గ్రేడు. ఈ రెండో సంగతి నేను ఇంట్లో చెప్పనే లేదు. ముప్పై ఒకటికి ఏ, డెబ్బై ఒకటికి సీ అని మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పగల తెలుగు నాకు ఇప్పటికీ రాదు.

మిమ్మల్ని మేం 'ఆర్జీ' అనేవాళ్లం. అంటే రిలెటివ్ గ్రేడింగ్, పక్కవాళ్లతో పోల్చి గ్రేడు వేయడం. అంత పేరు నోరారా పలికే తీరిక ఎవరికుండేది? అర్జీ పెట్టుకుంటే వినే నాథుడు లేడు, ఆర్జీ మాత్రం అందరినీ తినేది. లైబ్రరీలో ఉన్న ఒక్క పుస్తకాన్ని వేరే అరలో దాచినా, రేపు క్విజ్ ఉందన్న కబురు తెలిసి నోరు మెదపకపోయినా దాని పేరు ఆర్జీయే. మా ఆదిలాబాద్ మిత్రుడికి జ్వరం వచ్చినప్పుడు నోట్సు ఇవ్వకుండా తప్పించుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ మాట మొన్న రాత్రి వాడి ముందే ఒప్పుకున్నాను. "తెలుసురా, ఆ నోట్సులో సగం తప్పులేనని తర్వాత ఇంకొకడు చెప్పాడు, నువ్వు ఇవ్వకపోవడమే మేలైంది" అని వాడు నవ్వాడు. పక్కవాడికి ఒక మార్కు తగ్గితే నాకు ఒక మార్కు పెరిగినట్టేనని ఏ ఆచార్యుడూ పాఠం చెప్పలేదు. ఆ ఒక్క పాఠం మీరే చెప్పారు, అది అందరికీ వంటబట్టింది.

ఆ ఆదిలాబాద్ మిత్రుడి తండ్రి పత్తి రైతు. ఫైనాన్స్ తరగతిలో ధరల ఎగుడుదిగుళ్లు మీ ఆకారంలోనే ఉంటాయని, పెద్ద కుదుపులు అరుదని చెబుతున్నప్పుడు, వెనక బెంచీలో కూర్చున్న వాడు నా వైపు తిరిగి, "మా యార్డులో వారానికొకసారి అరుదు వస్తది" అన్నాడు. గట్టిగా అంటే క్లాస్ పార్టిసిపేషన్ మార్కులు పడేవేమో. పత్తి ధరల చరిత్రను తిరగేసి, ఆ కుదుపులకు మీ గంట సరిపోదని గణితవేత్త మాండెల్‌బ్రాట్ 1963లోనే రాశాడని మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బోరెం నిండా పత్తి తెచ్చి మధ్యాహ్నానికి ధర పడిపోయిందని విన్న ఏ రైతునడిగినా ఆ మాట చెప్పేవాడు, కాకపోతే అచ్చు వేసేవాళ్లుండరు.

మీ మీద నమ్మకానికి మా పెద్దలు చెల్లించిన మూల్యం కూడా తక్కువేం కాదు. ఆప్షన్లకు, అంటే ముందే అనుకున్న ధరకు షేరు కొనే, అమ్మే హక్కులకు, ధర కట్టే బ్లాక్-షోల్స్ సూత్రం 1973లో మీ భుజం మీద చెయ్యి వేసుకునే నిలబడింది. 1987 అక్టోబరు 19న అమెరికా షేర్ల ధరలను చూపే డౌ సూచీ ఒక్క రోజులో 22.6 శాతం పడిపోయింది. మీ లెక్క ప్రకారం విశ్వం పుట్టిన నాటి నుంచి నేటి దాకా అలాంటి రోజు ఒక్కటి కూడా రాకూడదు. మీరు తల దించుకుంటారేమోనని చూశాం, మీరు సౌష్ఠవం చెడనివ్వలేదు. 1997లో ఆ సూత్రం పుణ్యమా అని మెర్టన్, షోల్స్ గార్లకు నోబెల్ బహుమతి వచ్చింది. 1998లో వారిద్దరూ భాగస్వాములుగా ఉన్న ఎల్‌టీసీఎం అనే ఫండు కుప్పకూలబోతుంటే, పద్నాలుగు సంస్థలు కలిసి దాదాపు 360 కోట్ల డాలర్లు పోసి నిలబెట్టవలసి వచ్చింది. మా సిలబస్‌లో బహుమతి సంగతి ఉంది. ఫండు సంగతికి టర్మ్ చాలలేదు.

మా బ్యాచ్‌లో మీకు అత్యంత ప్రీతిపాత్రుడైన మిత్రుడు, అన్నింటా 'ఏ' గ్రేడువాడు, 2007 జూన్‌లో ముంబైలో ఒక విదేశీ బ్యాంకులో చేరాడు. ఇళ్ల అప్పులను మూటలు కట్టి, ముక్కలు కోసి, పై ముక్కకు ట్రిపుల్ ఏ, అంటే దాదాపు మునగదన్న భరోసా, ముద్ర వేయించే విభాగమది. ఒక అప్పు మునిగితే పక్క అప్పు ఎంత మునుగుతుందో చెప్పే సూత్రం కూడా మీ వంశానిదే, దాని పేరు గాసియన్ కాపులా. వాడు చేరిన మూడో నెలలో, ఆ ఆగస్టులో, గోల్డ్‌మన్ శాక్స్ ముఖ్య ఆర్థికాధికారి డేవిడ్ వినియర్, ఇరవై అయిదు సిగ్మాల (సిగ్మా అంటే సగటు చుట్టూ ఉన్న చెదురును కొలిచే బద్ద) కుదుపులు వరుసగా కొన్ని రోజులు చూస్తున్నామని చెప్పారు. ఏడు సిగ్మాలే కోట్లాది ఏళ్లకొకసారి రావలసినవి! అది విన్న మా మిత్రుడికి, అలాంటి మాట తాను పరీక్షలో రాసి ఉంటే ఏ గ్రేడు వచ్చేదా అన్న ఆలోచన తట్టిందట. మరుసటి ఏడాదికి ముద్రలున్నాయి, మూటలున్నాయి, లోపలి సరుకు లేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. వాడి ఉద్యోగమూ మాయం. ఇప్పుడు కాకినాడలో నిజంగానే రొయ్యల వ్యాపారం చేస్తున్నాడు, బుట్టలు దగ్గరుండి లెక్కపెట్టుకుంటాడు.

మీవల్ల మేలు జరగలేదని రాస్తే అబద్ధమవుతుంది. విశాఖలో ఒక ఆసుపత్రి నిర్వహణ చూసే మిత్రురాలు, క్యూయింగ్ థియరీ పాఠం పట్టుకుని ఓపీ వరుసను సరిచేసి, ముసలివాళ్లు గంటల తరబడి నిలబడే పని తప్పించింది. ఎవరైనా సగటు చెబితే, దాని చుట్టూ ఎంత చెదురుందో అడగకుండా వదలవద్దన్న ఒక్క ముక్క ఆ రెండేళ్ల ఫీజుకు సరిపోయిందని ఆవిడ అంటుంది. నేనూ ఒప్పుకుంటాను. బడి మాకిచ్చిన లెక్క మంచిదే. ఆ లెక్క ఎక్కడ చెల్లదో కూడా బడే చెప్పింది. ముప్పైకి తక్కువ మంది ఉంటే మిమ్మల్ని నేరుగా నమ్మవద్దని, డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్ అనే ఆయన 1908లోనే చిన్న నమూనాలకు వేరే కొలత చూపాడని నేర్పింది. ఆయన కలంపేరు 'స్టూడెంట్'. పాఠం అయ్యాక పద్నాలుగు మంది ఉన్న ఎలెక్టివ్‌లో స్టూడెంట్లందరికీ మీ ప్రకారమే గ్రేడులు వేశారు.

పట్టాతో మీ పీడ విరగడవుతుందనుకున్నాం. జీఈ కంపెనీలో జాక్ వెల్చ్ గారు ఉద్యోగులను ఇరవై, డెబ్బై, పదిగా విడగొట్టి కింది పది శాతాన్ని సాగనంపిన పద్ధతి అప్పటికే లోకమంతా పాకి ఉంది. మైక్రోసాఫ్ట్ 2013లో అలాంటి వరుసలకు స్వస్తి చెప్పిందని విని సంబరపడ్డాం. మా కంపెనీలో మాత్రం మిమ్మల్ని తీసేసినట్టు ప్రకటించి, 'కాలిబ్రేషన్' అని కొత్త పేరు పెట్టి మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెట్టారు.

నా ఎదుట తెర మీద తెరిచి ఉన్నది ఆ ఫారమే. నా బృందంలో తొమ్మిది మంది ఉన్నారు. తొమ్మిది మందితో గంట కాదు గదా, గజ్జె కూడా తయారు కాదు. అయినా అట్టడుగు గడిలో కనీసం ఒక పేరు లేకపోతే ఫారం ముందుకు కదలదు, ఎర్రగీత చూపిస్తుంది. ఈ ఏడాది తొమ్మిదిమందీ చెప్పిన పని చెప్పిన రోజుకు చేశారు. పై అధికారికి ఆ మాటే చెప్పాను. "నమ్ముతాను, కానీ ఒక పేరు పంపించు" అన్నారు. ఆయన కూడా ఎక్కడో ఎంబీఏ చదివినవారే. ఒకప్పటి కోడళ్లం కాని అత్తలం మాలో ఎవరున్నారు?

రెండు గంటలుగా నా వేలు ఒక పేరు మీదే ఆగుతోంది. ఆ అమ్మాయి ఆరు నెలలు ప్రసూతి సెలవులో ఉంది. తక్కిన ఆరు నెలల్లో అందరిలాగే పనిచేసింది. కానీ మొత్తం సంవత్సరపు వరుసలో ఆమె అంకె చిన్నది. అంకె చిన్నదైతే ఎవరూ ప్రశ్నించరు, నాకు శ్రమ ఉండదు. నాటి నోట్సు దాచినప్పుడూ నాకు శ్రమ ఉండలేదు. మిగిలిన దారి ఒకటుంది, ఆ గడిలో నా పేరే టైపు చేయడం. చేసి చూశాను. మేనేజరు పేరును ఆ ఫారం స్వీకరించదట.

ఇట్లు,
మీ సగటుకు అర సిగ్మా ఎడమ పక్క కాపురముంటున్న
2007 బ్యాచ్ సీ గ్రేడువాడు

తా.క. పోర్టల్ సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. ఇప్పుడు అయిదూ ఇరవై అయింది.