కింది గదిలో కిటికీ ఏది?

న్యూజెర్సీలో మన తెలుగు సంఘం జరిపిన సంక్రాంతి సంబరాల నాడు మధ్యాహ్నం పెద్దల గోష్ఠిలో కూర్చున్నవారికి ఈ సంగతి మళ్ళీ చెప్పనక్కరలేదు. అమెరికాలో మీ ఇల్లు, మీ గది గురించి రెండు మాటలు చెప్పండి అంటూ వ్యాఖ్యాత మైకును ఒక్కొక్కరి చేతికీ అందిస్తూ వచ్చారు. ఒకరు పెరట్లో కాసిన ఆనపకాయల గురించి చెప్పారు, మరొకరు మనవరాలి కూచిపూడి గురించి చెప్పారు. మా అమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుని, "నాను కిందుంతాను. కిటికీ నేదు. పొద్దు పొడిసిందో గుంకిందో తెల్దు. మిగతాదంతా బాగుంది" అని చెప్పి కూర్చుంది. హాలంతా నవ్వింది.

నవ్వినవారిలో చెడ్డవారెవరూ లేరని నాకు తెలుసు. శ్రీకాకుళం యాస మైకులో వినబడితే నవ్వడం మనవాళ్ళకు సినిమాలు నేర్పిన అలవాటు, దాని గురించి మరొకసారి రాస్తాను. ఆ రోజు నన్ను కోసింది నవ్వు కాదు. అమ్మ చెప్పిన నాలుగు ముక్కల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు, ఆ గది కట్టించింది నేను.

మాది ఉద్దానంలోని ఒక పల్లె. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కొబ్బరితోటతో పాటు ఇంటి పెంకులూ పోయాయి. నాన్న అప్పటికే లేరు. మరుసటి ఏడు అమ్మను న్యూజెర్సీ తీసుకువచ్చాం. రెండో పాప పుట్టిన సంవత్సరం కూడా అదే. అత్తగారూ మామగారూ వచ్చి ఆరేసి నెలలు ఉండేవారు. పై అంతస్తులోని మూడు పడకగదులు చాలక, అందరూ చేసే పనే మేమూ చేసి, ఇంటి అడుగున నేల మట్టానికి కింద ఉండే బేస్‌మెంట్‌ను బాగు చేయించాం. గోడలకు ఇన్సులేషన్, జిప్సం బోర్డులు, నేలకు వినైల్ పలకలు, మురుగు గొట్టం నేల కంటే ఎత్తున ఉంది కాబట్టి స్నానాలగదికి మురుగును పైకి తోసే ఎజెక్టర్ పంపు, ఒక మూల సినిమా తెర, మరో మూల అమ్మ గది. పడకగది అని చూపిస్తే మనిషి బయటపడగలిగే కిటికీ పెట్టాలి, అందుకు పునాది గోడ కోయాలి, ఖర్చు అవుతుంది, నక్షాలో సామాన్ల గది అని రాద్దాం అన్నాడు కాంట్రాక్టర్. నేను సరేనన్నాను. సినిమా తెరకు పెట్టిన ఖర్చులో సగం పెట్టి ఉంటే ఆ కిటికీ వచ్చేది.

2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను తాలూకు వాన మా మీద కురిసింది. కరెంటు పోయింది, దానితో బేస్‌మెంట్‌లో చేరే నీటిని బయటికి తోడే సంప్ పంపు ఆగిపోయింది. నేను టార్చితో మెట్లు దిగేసరికి అమ్మ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది, ఆవిడ హవాయి చెప్పులు రెండూ నీళ్ళ మీద తేలుతూ గుమ్మం దాకా వచ్చాయి. అరిచావా అమ్మా అని అడిగితే, "పిల్లలు లేత్తారని అరవనేదు" అంది. ఆ రాత్రి పక్కనున్న న్యూయార్క్ నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ నివాసాల్లో ఉన్నవారే. ఆ వార్త చదివి కూడా నేను చేసిందల్లా పంపుకు బ్యాటరీ తగిలించడం, తడిసిన బోర్డులు మార్పించడం. అమ్మ మంచం మళ్ళీ అక్కడే పడింది.

సంక్రాంతి అయిన వారానికి అమ్మ, ఈసారి రథసప్తమికి అరసవల్లి వెళ్ళాలని అడిగింది. తీసుకువచ్చాను. ఈ వ్యాసాన్ని మా ఊళ్ళో, మా వైపు చీడీ అనే వీధి అరుగు మీద కూర్చునే రాస్తున్నాను. మా వీధి ఇళ్ళన్నీ గోడకు గోడ కలిపి కట్టిన వరుస ఇళ్ళు, పక్కకు పెరగడానికి జాగా ఉండదు. ఇంట్లో పెళ్ళి కుదిరితే దొడ్డివైపు ఒక గది దించుతారు. ఇప్పుడు తమ్ముడు కొడుకు కోసం ఆ పనే చేయిస్తున్నాడు. ముగ్గు పోసి నేల కొలిచిన తాపీమేస్త్రి మొట్టమొదట అమ్మనే అడిగాడు, గుమ్మం ఎటు పెట్టమంటావు పెద్దమ్మా అని. న్యూజెర్సీలో నాలుగు నెలలు పని నడిచినా ఆవిడ గది గురించి ఆవిడను ఒక్క మాట అడిగినవారు లేరు, నాతో సహా.

అయితే మన ఊళ్ళలో పెద్దవాళ్ళను నెత్తిన పెట్టుకున్నారని రాస్తే అది నిజం కాదు. నాన్న పెళ్ళయ్యాక లోపలి గది కొత్త దంపతులదయింది, మా నాయనమ్మ మంచం వసారాలోకి వచ్చింది. వాన జల్లుకు గోనెపట్టా కట్టేవారు. పదిహేనేళ్ళు ఆవిడ అక్కడే పడుకుంది. ఆ మంచాన్ని వసారాలోకి మోసినవాళ్ళలో ఆవిడ కొడుకులున్నారు. మనవాళ్ళ అలవాటే సముద్రం దాటి వచ్చింది, కుటుంబం పెరిగినప్పుడు ముందుగా జరిగేది నోరెత్తని మనిషి మంచం. కాకపోతే వసారాలో నాయనమ్మకు వీధి ఉండేది, దారిన పోయేవారి పలకరింపు ఉండేది, తెల్లవారితే ఎండ పడేది. మేము మా అమ్మకు అవి మూడూ లేకుండా చేశాం.

బేస్‌మెంట్ వద్దని నేను అనడం లేదు. ఇంటికి కొత్త గది జోడించడం కంటే అది ఎంతో చవక, వేసవిలో చల్లగా ఉంటుంది, పిల్లల ఆటలకూ, ఇంటి నుంచి చేసే ఉద్యోగానికీ దానిని మించిన చోటు లేదు. కొందరు పెద్దలు తమంతట తామే ప్రశాంతత కోసం కింది గది కోరుకుంటారు, వారి మాట కాదనలేం. కానీ అక్కడ ఎవరైనా నిద్రపోతే దానికి కిటికీ ఉండాలి. అమెరికాలో చాలా ఊళ్ళు అనుసరించే నివాస గృహాల కోడ్ ప్రకారం ఆ కిటికీ తెరిస్తే 5.7 చదరపు అడుగుల ఖాళీ రావాలి, వెడల్పు 20 అంగుళాలకూ, ఎత్తు 24 అంగుళాలకూ తగ్గకూడదు, దాని అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలకు మించకూడదు. ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ అక్కడే ఉంటుంది కాబట్టి పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు తప్పవు. నేలలోంచి వచ్చే రేడాన్ వాయువును కొలిపించాలి, అది లీటరుకు 4 పికోక్యూరీలు గానీ అంతకు మించి గానీ ఉంటే సరిచేయించుకోమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. పొగతాగడం తరువాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పెద్ద కారణం అదేనని మన ఇళ్ళలో ఎంతమంది మాట్లాడుకుంటున్నాం?

మోకాళ్ళ నొప్పులున్న మనిషికి గ్యారేజీ మేలని నాకు ఆలస్యంగా తోచింది, అది వీధి మట్టానికే ఉంటుంది. దాని కష్టాలు దానికీ ఉన్నాయి. నేల తలుపువైపు వాలుగా ఉంటుంది కాబట్టి సమం చేసి, కింద ఇన్సులేషన్ వేయాలి. సగమే గదిగా మార్చి మిగతా సగంలో కారు పెట్టుకునేవారు, కారు ఉన్న వైపు నుంచి పడకగదిలోకి నేరుగా తలుపు పెట్టకూడదు. కారు నిలిపే చోటు గురించి టౌన్‌షిప్, అంటే అక్కడి స్థానిక పాలన సంస్థ, అడుగుతుంది. మేము రెండు కార్లనూ బయట పెట్టి, మొత్తం గ్యారేజీని గదిగా మార్చడానికి అనుమతికి దరఖాస్తు పెట్టాం. ఈసారి కాగితం మీద పడకగది అనే రాయించాను.

మన సంఘం కార్యవర్గ సభ్యులను నేను బతిమాలి అడిగేది ఒక్కటే. ఉగాది నాడు వేదిక మీద ఒక అరగంట నాకివ్వండి. మన టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్‌ను పిలుద్దాం. సామాన్ల గది అని రాయించి అమ్మానాన్నలను పడుకోబెట్టిన ఇళ్ళు నాదొక్కటే కాదని మనందరికీ తెలుసు, వాటిని పద్ధతిగా ఎలా సరిచేసుకోవాలో ఆయన్నే అడుగుదాం. ఊరి నుంచి పెద్దలు వేసవికి వస్తారు, ఆలోగా పునాది గోడ కోసి కిటికీ పెట్టించడానికి వ్యవధి ఉంది. దయచేసి ఈ ఏడు వాయిదా వేయకండి.

నిన్న రాత్రి గ్యారేజీ నక్షాను ఫోనులో అమ్మకు చూపించాను. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ అరసవల్లి స్వామి పాదాల మీద పడే ఎండ గురించి చిన్నప్పుడు నాకు చెప్పిన మనిషి, ముందుగా అడిగింది సూరీడు ఏ పక్కనని. వీధివైపే తూర్పమ్మా, కిటికీ అటే అన్నాను. మంచం మీద కూకుంటే వీధి కనబడతాదా అని అడిగింది. నక్షాలో కిటికీ అంచు 44 అంగుళాల ఎత్తున ఉంది, కోడ్‌కు అది సరిపోతుంది. ఇక్కడి నులకమంచం మీద ఆవిడను కూర్చోబెట్టి, టేపుతో నేల నుంచి కంటి దాకా కొలిచాను, 42 అంగుళాలు వచ్చింది. అంచును 24 అంగుళాలకు దించమని నక్షా గీసినాయనకు రాత్రే రాశాను.