కంకర దారికి అసలు ఖర్చు కంకర కాదు

"కంకర పరిచెయ్యడమే కదా, ఎంతవుతుందేంటి?" అనేవాళ్లని చూస్తే నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. ఒకప్పుడు ఆ మాట అన్నది నేనే మరి.

గేటు నుంచి ఇంటి దాకా కారు దారి. సిమెంటు కంటే చవకని టిప్పర్‌తో కంకర తోలించి మట్టి మీదే పరిపించేశాను. ఒక్క వానాకాలానికే టైర్లు నడిచే చోట రెండు చాళ్లు పడి బురద తేలింది. కంకర ఎవరైనా ఎత్తుకుపోయారా అనుకున్నా. గునపంతో పొడిచి చూస్తే జానెడు లోతున, బంకమట్టిలో కూరుకుని, అంతా అక్కడే ఉంది!

రెండోసారి కాగితం మీద లెక్క వేశాను. 50 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, అర అడుగు మందం అంటే 250 ఘనపుటడుగులు. రోలర్ తొక్కితే అణుగుతుంది కాబట్టి 300 తెప్పించుకోవాలి. అది సుమారు 12, 13 టన్నులు. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. అర అడుగు తవ్వి తీసిన మట్టి సంగతో? గట్టిగా ఉన్నప్పుడు 250 ఘనపుటడుగులే, తవ్వి పోస్తే ఉబ్బి 300 దాటుతుంది. దాన్ని ఎత్తి తీసుకెళ్లే కిరాయి నాకిచ్చిన ఏ ఎస్టిమేట్‌లోనూ లేదు. అడిగితే "అది వేరేనండీ" అంటారు. రోలర్ అద్దె వేరే, అంచుల రాళ్లు వేరే, కింద పరిచే జియోటెక్స్‌టైల్ గుడ్డా వేరే. అన్నీ వేరేలే అయితే ఎస్టిమేట్ దేనికి?

డబ్బు తగ్గించుకోవాలంటే వెడల్పు తగ్గించండి. గుడ్డ మాత్రం మానకండి, కంకరని మట్టిలోకి దిగకుండా ఆపేది అదే. అడుగున 40 ఎంఎం సైజు రాయి, పైన 20 ఎంఎం సైజు రాయి వెయ్యాలి. నడుమ అంగుళం పైచిలుకు ఎత్తుగా ఉంచి నీళ్లు రెండు పక్కలకీ జారేట్టు చెయ్యాలి. నున్నటి గుండ్రాళ్లు ఫొటోలో బాగుంటాయి, టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. కోసులున్న రాయే ఒకదానికొకటి పట్టుకుంటుంది.

ఇంత చేసినా రెండు మూడేళ్లకోసారి పైన కాస్త పోసుకోక తప్పదు. అందుకే ఈసారి మిగిలిన కంకరని గోడ పక్కన కుప్పగా ఉంచా. పిల్లి దాన్ని తన సొంత ఏర్పాటు అనుకుంటోంది, అది వేరే గొడవ.