అంధచుక్క గారికి బహిరంగ లేఖ

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

మహాశయా,

మా కంట్లోనే ఉంటూ, మీ మీద పడ్డ వెలుగును మాకు చూపకుండా, మా కంట పడకుండా కాపురం చేస్తున్న మీకు నమస్కారం.

మీ ప్రతాపం చూడటానికి మా గోడ మీది తెలుగు క్యాలెండరు చాలు. అమావాస్య గడిలో నల్లని చుక్క ఉంటుంది. ఎడమ కన్ను మూసి, ఆ చుక్కకు ఎడమవైపు 8 సెంటీమీటర్ల అవతలి గడి మీద కుడి కన్ను నిలిపి, మొహాన్ని మెల్లగా 30 సెంటీమీటర్ల దాకా దగ్గరికి తెస్తే అమావాస్య మాయం! అక్కడ తెల్ల కాగితమే కనిపిస్తుంది. ఒడియా పొరుగువారి చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది, వారికి నష్టం లేదు. మాది అమావాస్యతో ముగియాలి. మీరు దాన్ని మింగేస్తే ఆషాఢం ఎప్పుడు పోతుంది, శ్రావణం ఎప్పుడు వస్తుంది? పెళ్లి కుదిరిన ఇళ్లవాళ్లు మిమ్మల్ని ఊరికే వదలరు.

తప్పంతా మీదే అనను. వెలుగును పట్టే కణాల కబురు మోసే నాడీతంతువులు సుమారు 10 లక్షలు. వాటిని నేత్రపటలం (కంటి వెనక భాగంలో వెలుగును పట్టే పొర, రెటీనా) వెనక నుంచి లాగాల్సింది పోయి, మన కన్ను కట్టిన మేస్త్రీ ముందు నుంచి లాగాడు. ఇక మెదడుకు చేరాలంటే పటలానికి చిల్లు పెట్టక తప్పలేదు. ఆ చిల్లే తమరు. ఆక్టోపస్ కంట్లో తంతువులు వెనకే ఉంటాయి, దానికి మీ బెడదే లేదు. ఎనిమిది చేతులున్నది కదా, పని దగ్గరుండి చేయించుకుంది.

1660లలో ఎడ్మె మారియట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త బయటపెట్టేదాకా మీరు దొరకలేదు. పాండవుల అజ్ఞాతవాసం మీ ముందు ఏపాటి!

అసలు దొంగ మెదడు. చూడని చోట ‘చూడలేదు’ అని రాయదు. చుట్టూ తెలుపుంటే తెలుపు, గీతలుంటే గీతలు పూసి ‘అంతా సవ్యం’ అని సంతకం పెడుతుంది. అలాంటి నివేదికలు మా వైపు చాలా చదివాం లెండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఒక కంటి లోటు రెండో కన్ను పూడుస్తుంది, రెండు చుక్కలూ ఒకే చోట పడవు. మా దగ్గర ఆ ఏర్పాటే తిరగబడింది. 1936 ఏప్రిల్ 1న మా ఊరు ఒడిశాలోకి వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటే, ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వైపే, ఉండిపోయింది. హద్దు దగ్గర దారిలో గుంత పడితే అటువారు చూస్తారని ఇటువారు, ఇటువారు చూస్తారని అటువారు. రెండు చుక్కలూ సరిగ్గా గుంత మీదే!

కాస్త ఎడంగా చూడటమెలాగో మీరే రెండు వైపులా నేర్పాలి. జవాబు ఒడియాలో రాసినా చదువుకోగలం.

ఇట్లు,
గుంత చుట్టూ సైకిల్ తిప్పుకుపోయే ఒక ప్రయాణికుడు